లేత నుంచి ముదురు దాకా ఎనిమిది మెట్ల నీలం: చేతికుట్టు బొంత ఎలా వేయాలి?

వశిష్ఠ గట్టు (నర్సాపురం)
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయికి పూణేలో ఉద్యోగం వచ్చింది. అక్కడి చలికి కప్పుకోవడానికి నా చేత్తో ఒక బొంత కుట్టి పంపాలని ఉంది. పాత చీరల బొంతలు మా ఇంట్లో ఎప్పుడూ కుట్టుకునేవే. ఈసారి మాత్రం పై బట్టకు నేనే రంగు వేయాలనుకుంటున్నాను. ఒకటే నీలం, ఎనిమిది ఛాయలు. అడుగున నల్లనీలంతో మొదలై, పైకి వెళ్లేకొద్దీ వెలిసిపోతూ చివరికి తెలుపులో కలిసిపోవాలి. అంతర్వేది దగ్గర సాయంత్రం పూట వశిష్ఠ గోదావరిని చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. గట్టు పక్కన నీళ్లు ముదురుగా ఉంటాయి, దూరం వెళ్లేకొద్దీ నీరెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు.

సైజు 60 అంగుళాలు, 80 అంగుళాలు. పది అంగుళాల చదరాలు, వరసకు ఆరు చొప్పున ఎనిమిది వరసలు, వరసకో ఛాయ. ఏ రకం రంగు కొనాలి, మెట్టుకీ మెట్టుకీ తేడా సమానంగా రావాలంటే ఎలా కలపాలి, నడిమి పొరగా ఏం వేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. సంక్రాంతి హడావుడి అయ్యాక మొదలుపెడతాను.

మండపేట అత్తయ్య
మంచి పని తలపెట్టావమ్మా. నడిమి పొరకు దూది వద్దు, మెత్తబడ్డ నూలు చీరలు వెయ్యి. మిగతాది రంగు తెలిసినవాళ్లు చెబుతారు.

నూలుపోగు (బండారులంక)
ముందు బట్ట సంగతి చెబుతానండి, సగం పని అక్కడే తేలిపోతుంది. నూటికి నూరు పాళ్లు నూలే కావాలి. పాలిస్టర్ కలిస్తే ఆ పోగులు ఈ రంగు పట్టవు, ఎంత ముంచినా పాలిపోయినట్టే ఉంటుంది. కేంబ్రిక్ అయితే బాగుంటుంది. గ్లాస్కో మల్లు మరీ పల్చన, చదరాలు కోసి అతికేటప్పుడు సాగుతుంది. ఎనిమిది ఛాయలకూ ఒకే తాను నుంచి బట్ట తీసుకోండి. రెండు తాన్లు కలిపితే ఒకటి ఎక్కువ పీల్చుకుంటుంది, ఇంకోటి తక్కువ పీల్చుకుంటుంది, మెట్ల లెక్కంతా తప్పుతుంది.

కొత్త బట్టలో గంజి ఉంటుంది. కాస్త సోడా, కాస్త సబ్బు పొడి వేసి అరగంట ఉడకబెట్టి జాడించండి. చుక్క నీళ్లు వేస్తే వెంటనే ఇంకిపోవాలి. చుక్క నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టే, మళ్లీ ఉడకబెట్టాలి. దీనికి బద్ధకిస్తే తర్వాత మచ్చలు వస్తాయి.

ఇక రంగు. ఫ్యాన్సీ షాపుల్లో చిన్న ప్యాకెట్లలో దొరికేవి చాలావరకు డైరెక్ట్ రంగులు. ఉప్పేసి ఉడకబెడితే పట్టినట్టే కనిపిస్తాయి గానీ ఉతికిన ప్రతిసారీ కొంచెం దిగుతూనే ఉంటాయి. మీ బొంతలో ముదురు నీలం పక్కనే తెల్ల బట్ట ఉంది కాబట్టి అవి అసలు పనికిరావు. రియాక్టివ్ రంగు తీసుకోండి. అందులోనూ కోల్డ్ బ్రాండ్ అడగండి, పేరులో ఎం అక్షరం ఉంటుంది. పేరులో హెచ్ ఉన్నవాటికి బాగా ఎక్కువ వేడి కావాలి, ఇంట్లో బకెట్లలో అయ్యే పని కాదు.

రసాయనం మాస్టారు (భీమవరం)
నూలుపోగు గారు చెప్పినదానికి కారణం కూడా చెబుతాను. డైరెక్ట్ రంగు పోగులో ఇరుక్కుని ఉంటుందంతే. రియాక్టివ్ రంగు నూలు పోగుతో రసాయన బంధం వేసుకుంటుంది. ఆ బంధం పడాలంటే నీళ్లు క్షారంగా ఉండాలి, అందుకే సోడా వేస్తాం. ఒకసారి బంధం పడ్డాక ఉతికినా ఊడదు. బంధం వేసుకోకుండా నీళ్లతో కలిసిపోయిన రంగు కొంత మిగులుతుంది. దాన్ని చివర్లో వేడినీళ్లతో కడిగేయాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మెట్లు సమానంగా ఉండటమంటే రంగు సమానంగా తగ్గించడం కాదు, సగం సగం చేసుకుంటూ పోవడం. మన కన్ను రెట్లలో తేడా చూస్తుంది. నాలుగు గ్రాములు, మూడున్నర, మూడు, రెండున్నర అని అరగ్రాము చొప్పున తగ్గిస్తూ వెళితే మొదటి నాలుగు ముక్కలు ఒకేలా కనిపిస్తాయి. చివర్లో అరగ్రాము నుంచి తెలుపుకి మాత్రం పెద్ద అగాధం ఉంటుంది. అదే నాలుగు, రెండు, ఒకటి, అర, పావు అని దిగితే ప్రతి మెట్టూ ఒకే ఎత్తులో ఉంటుంది.

దీనికి ఖరీదైన త్రాసు అక్కర్లేదు. పది అంగుళాల చదరాలకు ఛాయకు ముప్పావు మీటరు సరిపోతుంది. కేంబ్రిక్ ముప్పావు మీటరు సుమారు 100 గ్రాములు తూగుతుందనుకుందాం, మీరు ఒకసారి తూచి చూసుకోండి. 8 గ్రాముల రంగుపొడిని కాసిని గోరువెచ్చని నీళ్లలో ముద్దలా కలిపి, నీళ్లు పోస్తూ మొత్తం 800 మిల్లీలీటర్లు చేయండి. అందులో 400 మొదటి బకెట్లో పోయండి. మిగిలిన 400కి 400 నీళ్లు కలిపి మళ్లీ 800 చేయండి. దాంట్లో 400 రెండో బకెట్లో పోయండి. మిగిలినదానికి మళ్లీ 400 నీళ్లు. ఇలా ఎనిమిదో బకెట్ దాకా వెళ్లండి. ప్రతి బకెట్లో దాని ముందు బకెట్లో సగం రంగు ఉంటుంది. 100 గ్రాముల బట్టకు మొదటి బకెట్లో 4 గ్రాముల రంగు పడుతుంది, అంటే నాలుగు శాతం. ఎనిమిదో బకెట్లో 0.03 శాతం. ఆ ఎనిమిదో ముక్క ఆరాక తెలుపుకు దగ్గరగా, చాలా లేత నీలంగా ఉంటుంది. చివర్లో మిగిలిన 400 పక్కన పెట్టుకోండి, అక్కరకు రావచ్చు.

వశిష్ఠ గట్టు
మాస్టారూ, ఇది ఇంత సులువుగా ఉంటుందనుకోలేదు. ఉప్పు, సోడా కూడా ఛాయను బట్టి తగ్గించాలా?

రసాయనం మాస్టారు
తగ్గించవద్దమ్మా. రంగు ఒక్కటే మారాలి. నీళ్లు, ఉప్పు, సోడా, బట్ట బరువు, సమయం ఎనిమిది బకెట్లలోనూ ఒకటే ఉండాలి. రంగునీళ్లతో కలిపి బకెట్‌కు 2 లీటర్లు, 100 గ్రాముల కల్లుప్పు, 40 గ్రాముల సోడా. ఈ సోడా అంటే సోడా యాష్, సోడియం కార్బనేట్ పొడి. వంటసోడా పనికిరాదు. పలుకులుగా దొరికే చాకలి సోడా అయితే అందులో నీరే ఎక్కువ, 40 బదులు 100 గ్రాముల పైచిలుకు పడుతుంది.

ముందు ఉప్పు, రంగు కరిగించి, తడిపి పిండిన బట్ట వేయండి. అరగంట కదుపుతూ ఉండండి. తర్వాత బట్ట పైకి తీసి, వేడినీళ్లలో విడిగా కరిగించిన సోడా పోసి, బాగా కలిపి, అప్పుడు బట్ట మళ్లీ వేయండి. సోడా నేరుగా బట్ట మీద పడితే మచ్చలు పడతాయి. ఇంకో గంట కదపాలి. ఎనిమిది బకెట్లు ఒక్కరే కదపలేరు, తోడు ఎవరినైనా పిలవండి. సోడా కలిసిన దగ్గరనుంచి రంగు శక్తి పోతూ ఉంటుంది, కొన్ని గంటల తర్వాత ఆ నీళ్లకు ఏమీ పట్టదు. అందుకని బకెట్లన్నిటికీ ఒకేసారి పని జరగాలి.

పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకోండి, ఫ్యాన్ ఆపేయండి. ఆ ధూళి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు, కొందరికి ఆయాసం అంటుకుంటుంది. వంట గిన్నెలు వాడొద్దు. అల్యూమినియం అసలే వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ లేదా స్టీలు.

కొబ్బరితోట (రాజోలు)
మన డెల్టాలో కూర్చుని రసాయన రంగులేంటండీ? 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు పాలకొల్లులో వర్తక స్థావరం పెట్టుకున్నది మన బట్టల కోసం. ఆ కాలంలో ఈ తీరం నుంచి వెళ్లిన ఎరుపంతా చిరివేరు, నీలమంతా నీలిమందు. నీలిమందులో ఛాయలు తెచ్చుకోవడానికి లెక్కలూ అక్కర్లేదు, ముంపులు పెంచుకుంటూ పోవడమే. ఒక ముంపు, రెండు, నాలుగు, ఎనిమిది. పైకి తీసినప్పుడు పచ్చగా ఉన్న బట్ట గాలి తగిలి నీలంగా మారడం చూసినవాళ్లు ప్యాకెట్ రంగు వైపు వెళ్లరు.

నూలుపోగు
ఆయ్, నీలిమందు గొప్పదే, కాదనడం లేదు. కానీ అది పోగు పైపైన కూర్చునే రంగు. ముదురు ఛాయ రాపిడికి కొంతకాలం వదులుతూనే ఉంటుంది. దిండు గలీబు మీదా, తెల్ల చదరం మీదా ఆ మరక కనిపిస్తుంది. ఆరుబయట గోడకు వేలాడదీసేదైతే నేనూ నీలిమందే అనేవాణ్ణి. ఇది పిల్ల కప్పుకుని పడుకునేది, నెలకోసారి మెషిన్లో వేసేది. పైగా నీలిమందు తొట్టి పులియబెట్టి కాపాడుకోవడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య.

కొబ్బరితోట
తెల్ల చదరం పక్కనే ఉన్నప్పుడు మీ మాట సబబే. కానీ అడుగు బట్టకైనా సహజ రంగు వేసుకోండి అక్కా. కొబ్బరి పీచు మనకు ఏ దొడ్లో చూసినా గుట్టలే. రాత్రంతా నానబెట్టి ఉడకబెడితే లేత గోధుమ రంగు వస్తుంది, నీలానికి జోడీ కుదురుతుంది. బట్టను ముందు కరక్కాయలో, తర్వాత పటికలో ముంచాలి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే మాత్రం కరక్కాయ తగిలిన బట్ట బూడిద రంగుకు తిరుగుతుంది, వాననీళ్లు గానీ పంచాయతీ కుళాయి నీళ్లు గానీ వాడండి.

రసాయనం మాస్టారు
నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, రియాక్టివ్ రంగుకు కూడా నీళ్లు ముఖ్యమే. నర్సాపురం, మొగల్తూరు వైపు బోర్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. గట్టి నీళ్లలో సున్నం సోడాతో కలిసి తెల్లటి పొడిలా బట్ట మీద దిగుతుంది, లేత ఛాయలు మసకబారతాయి. పట్టి ఉంచిన వాననీళ్లు ఉంటే అంతకంటే మంచివి లేవు. లేదంటే తాగే నీళ్ల టిన్నులు ఒకటి రెండు కొనండి, 16 లీటర్లే కదా. జాడించడానికి మాత్రం కుళాయి నీళ్లు చాలు.

మిగిలిన రంగునీళ్లు పంట కాలువలోనూ చేపల చెరువులోనూ పారబోయకండి. మన ప్రాంతంలో ఒకరి గట్టు దాటితే ఇంకొకరి చెరువే. అంత ఉప్పు, సోడా మొక్కల మొదట్లో పోసినా చేటే. డ్రైనేజీ ఉన్నచోట, బాగా నీళ్లు కలిపి వదలండి.

కోటిపల్లి రేవు
ఒక చిన్న మాట. నీలం కొనేటప్పుడు ఒకే రంగుతో చేసిన నీలం అడగండి. నేవీ, నలుపు, వంగపండు రంగు, గోధుమ లాంటివి రెండు మూడు రంగులు కలిపి అమ్ముతారు. ముదురుగా ఉన్నంతసేపు తెలియదు. లేత చేసేకొద్దీ లోపలి ఎరుపో ఊదానో బయటపడి, పై వరసలు వేరే కుటుంబంలా కనిపిస్తాయి. టర్కాయిస్ కూడా వద్దు, అది చల్లని నీళ్లలో నెమ్మదిగా పట్టే రకం.

నూలుపోగు
చాలా మంచి మాట చెప్పారు. తడి టిష్యూ కాగితం మీద చిటికెడు పొడి చల్లితే తెలిసిపోతుంది. ఒకటే రంగయితే ఒకటే మరక, కలిపినదైతే రకరకాల చుక్కలు పడతాయి.

వశిష్ఠ గట్టు
ఇంత వివరంగా చెబుతున్నందుకు మీ అందరికీ రుణపడి ఉంటానండి. ఇప్పుడు నడిమి పొర. మా ఊళ్లో పరుపులు కుట్టే ఆయన దూది ఏకి పరిచి ఇస్తానంటున్నారు. బూరుగు దూదయితే ఇంకా తేలిగ్గా ఉంటుందని పక్కింటి పిన్నిగారి సలహా.

మండపేట అత్తయ్య
బూరుగు దూది దిండుకే అమ్మా. ఆ పోగు నున్నగా జారిపోతుంది, ఒకదాన్నొకటి పట్టుకోదు. బొంతలో వేస్తే పది రోజుల్లో అంతా ఒక మూలకు చేరుతుంది. పత్తి దూది పట్టుకుంటుంది గానీ, ఏకిన దూది వదులుగా ఉంటుంది కాబట్టి మూడు నాలుగు అంగుళాలకు ఒక కుట్టు వరస లేకపోతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. రజాయిలు అందుకే ఉతక్కుండా ఎండలో వేసుకుంటారు. నీ కూతురు ఉతుకుతుంది కదా.

సూదీదారం (రాజమహేంద్రవరం)
అత్తయ్యగారూ, మీ మాటంటే గౌరవమే. కానీ చీరల పొరలు మూడు నాలుగు వేస్తే కుట్టు సన్నగా రాదు. ఇప్పుడు పరుపులా పరిచిన రెడీమేడ్ నూలు పొర దొరుకుతోంది, ఉతికినా కదలదు. దాని మీద చేతికుట్టు వేస్తే కుట్టు మధ్య బట్ట కొంచెం పొంగి నీడ పడుతుంది. ఛాయల బొంతకు ఆ నీడ చాలా అందం తెస్తుంది. చీరల బొంత చదునుగా ఉంటుంది.

మండపేట అత్తయ్య
నీడ అందమే అనుకో. చీరల బొంత అయితే మెషిన్లో పడుతుంది, ఒక్క ఎండకు ఆరుతుంది. లావు దూది పొర ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆరదు, లోపల బూజు వాసన పడుతుంది. మా అత్తగారు కుట్టిన బొంత ఇంకా మా మనవడు కప్పుకుంటున్నాడు. నడుమ రెండు పాత పంచెలే ఉన్నాయి అందులో.

సూదీదారం
రెండు పంచెలయితే నాకూ ఒప్పుదలే, సూది హాయిగా దిగుతుంది. మధ్యేమార్గం ఒకటుంది. ఒక ఫ్లానెల్ పొర వేసుకోవచ్చు. ముందు ఉడుకునీళ్లలో ఉతికి కుంచించనివ్వాలి. వెచ్చగా ఉంటుంది, పల్చగా ఉంటుంది, కదలదు. అడుగు బట్టకు మాత్రం దుప్పటి బట్ట వాడొద్దు. పోగులు మరీ దగ్గరగా ఉండి సూది మొరాయిస్తుంది, రెండు వరసలకే వేళ్లు బొబ్బలెక్కుతాయి. వాడి మెత్తబడ్డ నూలు చీర అయితే సూది దానంతట అదే పోతుంది.

వశిష్ఠ గట్టు
అయితే తేలిపోయింది. నడుమ ఫ్లానెల్, అడుగున మా అమ్మ కట్టిన బండారులంక నూలు చీర. అది ఇన్నాళ్లూ కోయబుద్ధి కాక దాచాను. చీర పన్నా బొంత వెడల్పుకు చాలదు కాబట్టి ఒక్క కోత మాత్రం కోసి, రెండు ముక్కలూ పక్కపక్కన అతికి, మిగిలింది మడిచి లోపలికి పెడతాను.

నూలుపోగు
ఆ మాట వినడానికి చాలా సంతోషంగా ఉందండి. ఒక పని చేయండి. రంగు వేసే రోజున ప్రతి బకెట్లోనూ బట్టతో పాటు తెల్ల నూలు దారం చిన్న చిలప, అంటే వదులుగా చుట్టిన దారం చుట్ట, ఒకటి వేయండి. నాలుగుచోట్ల బిగించకుండా కట్టి వేస్తే చిక్కుపడదు. ఏ ఛాయ చదరానికి ఆ ఛాయ దారం మీ దగ్గరే తయారవుతుంది. దారం కూడా నూలుదే ఉండాలి, పాలిస్టర్ దారం తెల్లగానే బయటకు వస్తుంది. బట్టతో పాటు దారం బరువు కూడా తూకంలో కలుపుకోండి.

(మూడు వారాల తర్వాత)

వశిష్ఠ గట్టు
రంగు పని పూర్తయిందండి. మా ఆడపడుచు వచ్చి నాలుగు బకెట్లు తను కదిపింది. మధ్యాహ్నం ఎండ బాగా ఉండటంతో నీళ్లు చల్లబడలేదు. ముందు చల్లనీళ్లలో ఉప్పూ సోడా పోయేదాకా జాడించి, తర్వాత బాగా మరిగే నీళ్లలో విడివిడిగా నానబెట్టాను. ముదురు ముక్కకు నీళ్లు తేటగా రావడానికి చాలాసార్లు మార్చాల్సి వచ్చింది. నీడలో ఆరేశాను. నేల మీద వరసగా పరిస్తే ఇంట్లోవాళ్లందరూ వచ్చి నిలబడి చూశారు.

ఒక సందేహం. ఐదో మెట్టు, ఆరో మెట్టు కొంచెం దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోంది. నా కంటికేనా?

కోటిపల్లి రేవు
కన్ను మోసపోతుంది, ఫోన్ మోసపోదు. నీడలో పరిచి ఒక ఫోటో తీసి, ఎడిట్‌లోకి వెళ్లి నలుపు తెలుపు చేయండి. రంగు పోయి లేత ముదురు తేడా ఒక్కటే మిగులుతుంది. మెట్టు ఎక్కడ కుంగిందో తెలుస్తుంది.

వశిష్ఠ గట్టు
చేశానండి. నాలుగుకీ ఐదుకీ మధ్య పెద్ద దూరం, ఐదుకీ ఆరుకీ మధ్య చాలా తక్కువ.

రసాయనం మాస్టారు
అంటే ఐదో ముక్కే ఉండాల్సినదానికంటే లేతగా ఉంది. దాన్ని మళ్లీ ముంచవచ్చు. లేతది ముదురు చేయడం తేలిక, ముదురుది లేత చేయడమే కష్టం. మిగిలిన 400 మిల్లీలీటర్లు సోడా తగలకుండా చల్లగా దాచారా? దాచి ఉంటే అది ఎనిమిదో మెట్టు బలమే కాబట్టి దానితో ఏమీ కాదు. చిటికెడు పొడి కొత్తగా కలపాలి. ఐదో మెట్టుకు మొదట పడిన రంగు పావు గ్రాము. దానిలో మూడో వంతు, అంటే ఒక గ్రాము పొడిని 100 మిల్లీలీటర్లలో కలిపి, సూది తీసేసిన సిరంజితో 8 మిల్లీలీటర్లు కొలవండి. మిగతా నీళ్లు, ఉప్పు, సోడా మామూలే. ముక్కను ముందుగా పూర్తిగా తడపండి.

సూదీదారం
అది అయ్యాక అతకడం మొదలుపెడతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. చదరాలు పదిన్నర అంగుళాలు కోయండి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. వరసకూ వరసకూ మధ్య అతికాక, లోపలి మడతను ముదురు ఛాయ వైపే తిప్పి ఇస్త్రీ చేయండి. లేత వైపు తిప్పితే కింది నీలం పై బట్టలోంచి చారలా కనిపిస్తుంది. పై మూడు వరసల దగ్గర ఇది మరీ ముఖ్యం.

నీలం పైకి వెళ్లేకొద్దీ వెలిసిపోతూ తెలుపులో కలిసిపోవాలన్నారు. వరసంతా ఒకే ఛాయ అయితే ఎంత మెల్లగా దిగినా అడ్డగీత పడుతుంది. ప్రతి వరసలోనూ ఒక చదరాన్ని పై వరసతో మార్చండి. ఒకచోట ఎడమ నుంచి రెండోది, ఇంకోచోట ఐదోది, అలా చెదరాలి. ముదురు నీలంలో ఒక లేత చదరం వెలుగులా పైకి తేలుతుంది. గీత విరిగిపోతుంది.

కొబ్బరితోట
ఏటవాలుగా పెట్టవచ్చు కదా? ఒక మూల ముదురు, ఎదురు మూల లేత.

సూదీదారం
పెట్టవచ్చు, చాలా బాగుంటుంది. కానీ ఆరు ఎనిమిది చదరాల బొంతలో ఏటవాలు వరసలు 13 వస్తాయి, అన్ని ఛాయలు కావాలి. ఎనిమిదితో చేస్తే కొన్ని రెండుసార్లు పడతాయి. అక్కయ్య అనుకున్నది నీళ్లూ ఆకాశమూ కాబట్టి నాకైతే అడ్డ వరసలే నచ్చాయి.

వశిష్ఠ గట్టు
అవునండి, అడ్డ వరసలే. ఐదో ముక్క సరిచేశాను, ఫోటోలో ఇప్పుడు మెట్లన్నీ తీరుగా ఉన్నాయి. పై బట్ట అతకడం కూడా అయిపోయింది. ఇక కుట్టు ఎలా నడపాలో చెప్పండి.

సూదీదారం
అడుగు చీరను దాని మంచి వైపు నేలకు ఆనేలా పరిచి, నాలుగు వైపులా టేపుతో బిగించండి. మీద ఫ్లానెల్, మీద పై బట్ట. మధ్య నుంచి అంచులకు చేత్తో సర్దుతూ, జానెడు దూరంలో పెద్ద కచ్చా కుట్లు వేయండి, నిలువుగా, అడ్డంగా. ఈ కచ్చా పని సరిగ్గా చేస్తే మిగతాదంతా నిశ్చింత. కుట్టు కూడా మధ్యలోంచే మొదలుపెట్టాలి. అంచు నుంచి వస్తే మధ్యలో బట్ట ఉబ్బి ముడత పడుతుంది.

సూది పొట్టిది తీసుకోండి. క్విల్టింగ్ సూదులు 8, 9, 10 నంబర్లలో వస్తాయి, నంబరు పెరిగితే సూది చిన్నదవుతుంది. మొదట 8 తీసుకోండి. మధ్యవేలికి టైలర్లు పెట్టుకునే ఇత్తడి టోపీ పెట్టుకోవాలి. దారాన్ని తేనెమైనం మీద రెండుసార్లు లాగితే చిక్కుపడదు. దారం మూర కంటే పొడవు వద్దు. చివర చిన్న ముడి వేసి, పై బట్టలోంచి సూది దింపి, టప్‌మని లాగితే ముడి లోపలి పొరలోకి వెళ్లి దాక్కుంటుంది. బయట ఎక్కడా ముడి కనపడకూడదు. అంగుళానికి ఐదారు కుట్లు చాలు. సన్నగా ఉండటం కంటే ఒకే పొడవులో ఉండటం ముఖ్యం. పైన ఎంత దారం కనిపిస్తే మధ్య అంత ఖాళీ ఉండాలి.

గీతలు చదరాల అతుకుల పక్కనే వేయకండి. అలల్లా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, వరసలు దాటుకుంటూ పోవాలి. ఒక అల ఐదో మెట్టులో మొదలై నాలుగులోకి దిగి మళ్లీ పైకి రావాలి. అప్పుడు రెండు ఛాయల్ని కుట్టే కలుపుతుంది. గీతకూ గీతకూ మధ్య మూడంగుళాలు మించకుండా చూడండి.

మండపేట అత్తయ్య
దారం ఏ ఛాయది వాడుతున్నావమ్మా? ఏ చదరానికి ఆ దారం మార్చుకుంటూ పోతే అల మధ్యలో తెగుతుంది.

సూదీదారం
అత్తయ్యగారు అసలు విషయం పట్టుకున్నారు. ఆ ఎనిమిది చిలపల్లో నాలుగోది ఒక్కటే తీసుకుని బొంతంతా కుట్టండి. ముదురు వరసల మీద ఆ దారం లేతగా మెరుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ కలిసిపోతూ, నాలుగో వరసలో పూర్తిగా మాయమవుతుంది. ఇంకా పైకి వెళ్తే లేత బట్ట మీద నీలంగా మళ్లీ పైకి తేలుతుంది. దారం మార్చకుండానే కుట్టు రంగు మారినట్టు ఉంటుంది.

వశిష్ఠ గట్టు
రాత్రి ఈ జవాబు చదివి, పొద్దున్నే నాలుగో చిలప దారంతో ఒక అల కుట్టి చూశాను. మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది అక్కా. నాలుగో వరసలో దారం కనపడదు గానీ బట్ట మీద గుంట మాత్రం కనిపిస్తుంది. మా అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, ముదురు వరసల దగ్గర కుట్టు నీళ్ల మీద వెలుగులా ఉందంది.

కోటిపల్లి రేవు
అంచుకు ఏం వేస్తున్నారు? మీది నర్సాపురం కదా, లేసు అల్లించండి. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది మన లేసుకు.

వశిష్ఠ గట్టు
మా ఇంట్లో ముగ్గురం లేసు అల్లేవాళ్లమే. చాలా ఆలోచించాను. మెషిన్లో తిరిగే బొంతకు లేసు అంచు తగులుకుని తెగుతుంది. మీద పరచుకునే బెడ్‌కవర్ అయితే తప్పకుండా వేసేదాన్ని. అందుకని మిగిలిన ముక్కల్లోంచి రెండుంపావు అంగుళాల పట్టీలు కోశాను. ఏ వరస పక్కన ఆ ఛాయ పట్టీ వచ్చేలా రెండు నిలువు అంచులూ కుడుతున్నాను, అడుగున ముదురుది, పైన ఎనిమిదోది. అంచు కూడా రంగుతో పాటే వెలిసిపోతుంది. పంపేముందు రంగు దిగుతుందో లేదో చూడటానికి ఏం చేయాలి మాస్టారూ?

రసాయనం మాస్టారు
తడిపిన తెల్ల గుడ్డ ముక్కను మొదటి వరస మీద పెట్టి, బాగా కాలిన ఇస్త్రీ పెట్టెతో ఒక నిమిషం నొక్కండి. గుడ్డకు నీలం అంటకపోతే నిశ్చింతగా పంపండి. అంటితే బొంతను ఒకసారి పెద్ద తొట్టిలో నిండా వేడినీళ్లు పోసి, సబ్బు వేసి, చాలా నీళ్లలో ముంచి ఉంచండి. నీళ్లు ఎక్కువ ఉంటే వదిలిన రంగు పక్క చదరానికి పట్టకుండా నీళ్లలోనే ఉండిపోతుంది. తడి బొంతను మడిచి వదిలేయకూడదు, వెంటనే పరచాలి.

మండపేట అత్తయ్య
పిల్లకు చెప్పు, నెలకోసారి మడత మార్చి పెట్టమని. ఎప్పుడూ ఒకేచోట మడిస్తే ఆ గీత దగ్గరే బట్ట ముందు చిరుగుతుంది. పూర్తయ్యాక రెండు ఫోటోలు పెట్టమ్మా, ముందు వైపూ వెనక మీ అమ్మ చీర వైపూ.

వశిష్ఠ గట్టు
తప్పకుండా పెడతాను అత్తయ్యగారూ. ఇంకా మూడు వరసల కుట్టు మిగిలింది.